భుజంగరావుగారి ఆశ్చర్యం

మనిషి మెదడు ఎప్పుడూ ఒక అడుగు ముందు నడుస్తూ ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు కాలు ఆనకముందే తర్వాతి మెట్టు అక్కడ ఉందని నమ్మేస్తుంది. ఆ మెట్టు లేకపోతే లోపల ఏదో ఝల్లుమంటుంది. కాత్యాయని తయారుచేసిన పట్టీ కొలిచేది ఆ ఝల్లుమనడాన్నే.

నుదుటి చుట్టూ కట్టే వెడల్పాటి గుడ్డపట్టీ అది. లోపలి వైపు కందిగింజలంత లోహపు బిళ్ళలు కుట్టి ఉంటాయి. కట్టుకున్న మనిషికి అనుకున్నది అనుకున్నట్టు జరిగినంతసేపూ తెర మీద గీత చాప పరిచినట్టు ఉంటుంది. అనుకోనిది ఎదురైతే లేస్తుంది. పరిశోధనా పత్రాల్లో దానికి పొడుగాటి పేరుంది. విశాఖపట్నంలో కొండవాలు మీద ఉన్న ఆ నరాల చికిత్సా కేంద్రంలో మాత్రం అందరూ దాన్ని ఎదురుచూపు పట్టీ అనేవారు. ఆ పేరు పెట్టింది వార్డు నర్సు నూకరత్నం.

మొదటిరోజు, భుజంగరావు భార్య హైమవతికి భయం పోవాలని పట్టీని ముందు ఆమె నుదుటికే కట్టి, తెర ఆమె వైపు తిప్పారు.

"ఆదివారం, సోమవారం, మంగళవారం, శుక్రవారం" అంది నూకరత్నం.

గీత చివుక్కున లేచింది.

"మధ్యలో రెండు వారాలు ఏమైపోయాయే?" అంది హైమవతి.

"అదేనమ్మగారూ. మీ నోరు అడక్కముందే మీ నుదురు అడిగీసింది."

హైమవతి తెరవంక కాసేపు చూసి, "మంచిదే కనిపెట్టావమ్మా. మా ఇంట్లో అత్తగారున్న రోజుల్లో ఇది లేకపోవడమే నయమైంది" అంది కాత్యాయనితో.

తర్వాత పట్టీని భుజంగరావు నుదుటికి కట్టారు.

ఆయన ఓడరేవులో పైలట్‌గా పనిచేసి రిటైరయ్యాడు. సముద్రంలో ఆగిన ఓడల్లోకి తాడునిచ్చెన మీద ఎక్కి, వాటిని ఇరుకైన కాలవ గుండా లోపలికి తెచ్చే పని. చలికాలం మొదట్లో మెదడులో నరం చిట్లింది. అప్పటినుంచి కళ్ళు తెరిచే ఉంటాయి, చూపు ఎక్కడా ఆగదు. మాట లేదు. చెయ్యి నొక్కితే నొక్కడు. నూకరత్నం వారాల పేర్లు తప్పు చదివినప్పుడు ఆయన గీత కూడా లేచింది. హైమవతి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కేంద్రం పెద్ద డాక్టర్ సన్యాసిరాజు మాత్రం కదల్లేదు. "చెవి బతికుందమ్మా. నిద్రపోయే మనిషి చెవి కూడా ఆ మాత్రం లెక్క కడుతుంది. చెవి వెనకాల మనిషి ఉన్నాడా అన్నదే నా ప్రశ్న" అన్నాడు.

అది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. నెలాఖరున సమీక్ష ఉంది. లోపల తెలివి ఉందనడానికి ఆధారం దొరికితే భుజంగరావు పై అంతస్తులోనే ఉంటాడు. రోజూ మాట నేర్పేవాళ్ళు, కాళ్ళూ చేతులూ కదిలించేవాళ్ళు వస్తారు. దొరకకపోతే కింది వార్డుకి మారుస్తారు. అక్కడ ఒళ్ళు తుడుస్తారు, గొట్టంలో పాలు పోస్తారు, పక్క తిప్పుతారు. అంతే. పై మంచం కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

కాత్యాయని ఊహ ఒక్క వాక్యంలో పట్టేది: ఆయనకి భార్య తెలుసు.

దాన్ని పరీక్షించడానికి ఆమె చేసిన ఏర్పాటు తేలికైనది. హైమవతి మంచం పక్కన నిలబడి ఆయన్ని ఎప్పుడూ పిలిచినట్టే పిలుస్తుంది. మధ్యమధ్య నూకరత్నం అదేవిధంగా పిలుస్తుంది. కాత్యాయని అద్దం ఇవతల, మాటలు వినిపించని గదిలో గీత చూస్తుంది. వారం రోజులు చూసింది. హైమవతి పిలిచినప్పుడు గీత పడుకునే ఉండేది. నూకరత్నం పిలిచినప్పుడు లేచేది. భార్య గొంతు దగ్గర మనసు నిశ్చింతగా ఉంది, పరాయి గొంతు దగ్గర ఉలిక్కిపడింది. హైమవతి ఆ ఆదివారం అందరికీ సున్నుండలు చేసి తెచ్చింది.

సన్యాసిరాజు సున్నుండ తింటూ, "ఇద్దరూ ఏమని పిలిచారు?" అని అడిగాడు.

"ఏమండీ అని సార్" అంది కాత్యాయని.

"నేను సార్ అన్నానండి" అంది నూకరత్నం.

సన్యాసిరాజు నమలడం ఆపాడు.

"ఏమండీ అనమన్నాను కదా" అంది కాత్యాయని.

"అన్నారండి. మరి పరాయావిడ మొగుణ్ని, ఆవిడెదురుగానే, ఏమండీ అని ఎలగంటానండి? సిగ్గు కాదేటి? అందుకే సార్ అనీసాను."

"బస్సులో కండక్టరుని అనవా?"

"ఆ ఏమండీ వేరండి. ఈ ఏమండీ వేరు."

హైమవతి నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు తిరిగింది. కాత్యాయనికి నవ్వు రాలేదు. ఏమండీ, ఏమండీ, ఏమండీ అని వరసగా వస్తూ మధ్యలో సార్ అన్న మాట పడితే, బుధవారం లేని వారంలా గీత లేవక ఏం చేస్తుంది? వారం రోజులుగా తను చూసినది మాట మారడాన్ని. మనిషి మారడాన్ని కాదు.

మర్నాడు నూకరత్నం గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని, "ఏమండీ" అంది. గీత లేవలేదు. కింద క్యాంటీన్ నడిపే పైడితల్లిని పిలుచుకొచ్చారు. ఆమె ఏ మొహమాటం లేకుండా, టిఫిను పొట్లం మరిచిపోయినవాణ్ని కేకేసినట్టు "ఏమండీ" అంది. గీత లేవలేదు. హైమవతి అంది. లేవలేదు. ముగ్గురూ ఆ చెవికి ఒకటే.

బయట వరండాలో హైమవతి అడిగింది. "అంటే నేనూ, ఆ క్యాంటీనావిడా ఆయనకి ఒకటేనా అమ్మా?"

"అలా తేలలేదు పిన్నిగారూ. ఈ పరీక్షకి ఆ తేడా కనిపెట్టే శక్తి లేదని తేలింది. ఓడిపోయింది నా ప్రశ్న. ఆయన కాదు."

"నువ్వలా సర్దిచెబుతున్నావు."

"సర్దిచెప్పాలంటే నిన్నటిదాకా వచ్చిన గీతలే చూపించేదాన్ని కదండీ."

హైమవతి సున్నుండల డబ్బా మూత గట్టిగా బిగించి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కాత్యాయని ఒంటరిగా ఉంటుంది. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని తన మనసుని తను చూసుకోబోయింది. అద్దం ఇవతల కూర్చున్నానని, నిష్పక్షపాతంగా ఉన్నానని అనుకుంది. కానీ నూకరత్నం పెదవులు కదిలిన తీరు అద్దంలోంచి వారం రోజులూ కనిపిస్తూనే ఉంది. ‘సార్’కి, ‘ఏమండీ’కి పెదవులు ఒకేలా కదలవు. తను చూడలేదు. చూడ్డం ఇష్టం లేదు. ఇష్టమైన ఊహని మనిషి గట్టిగా తట్టి చూడడు, పగులుతుందని. ఒక చెవి ఒక గొంతు కోసం అన్నేళ్ళు అలవాటుపడి ఉంటుందన్న సంగతి తనకెందుకంత ముద్దొచ్చింది? తన గొంతు కోసం ఏ చెవీ అలవాటుపడలేదు కనకనా? ఆ ఆలోచన దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. కారణం ఏదైనా సరే, గీతకి దానితో పనిలేదు అనుకున్నాక కొంత తేలికపడింది.

అప్పుడు తప్పు ఎక్కడుందో కనిపించింది. ‘ఆమె పిలిస్తే ఏం జరగాలి’ అని అడిగింది తను. అడగాల్సింది అది కాదు. ఆయనకి నిజంగా ఆమె తెలిసుంటే, ఆమె నోట ఏది రాదని ఆయనకి తెలుసు? ఎదురుచూపు నిండినప్పుడు చప్పుడు చెయ్యదు. తప్పినప్పుడే చప్పుడవుతుంది.

"పిన్నిగారూ, ఆయన్ని మీరెప్పుడైనా పేరుపెట్టి పిలిచారా?" అంది కాత్యాయని మర్నాడు వార్డులో అడుగుపెడుతూనే.

హైమవతి చేతిలో దువ్వెన ఆగింది. ఆయన తల దువ్వుతోంది. "కాగితాల మీద రాశాను. గ్యాసువాడికి, బ్యాంకువాడికి."

"నోటితో?"

"రేషన్ ఆఫీసులో అడిగితే పక్కావిడ చేత చెప్పించాను."

కాత్యాయని ఆయనకి వినబడకుండా ఆమెని వరండాలోకి తీసుకెళ్ళి తన ఆలోచన చెప్పింది. నూకరత్నం ‘భుజంగరావుగారూ’ అంటే గీత లేవకూడదు; ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు. పైడితల్లి అన్నా లేవకూడదు. అదే మాట, అదే గారూతో సహా, హైమవతి అంటే లేవాలి. ఆమె ఆ మాట అనదని ఈ లోకంలో ఆయనకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు.

"లేవకపోతే?"

"లేవకపోతే నేను తప్పని ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. ఆయన మిమ్మల్ని గుర్తుపట్టినట్టు ఆధారం లేదని డాక్టరుగారితో చెప్పేస్తాను. తర్వాత వేరే కారణాలు వెతకను."

హైమవతి దువ్వెనలోంచి తెల్లవెంట్రుకలు తీస్తూ కూర్చుంది. "పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందనేది మా అమ్మ."

"మీరు నమ్ముతారా?"

"నమ్మను. నమ్మకపోయినా పలకలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడు, ఈయన ఇలా ఉండగా..." ఆమె మాట అక్కడ ఆగింది. "రేపు చెబుతానమ్మా."

మర్నాడు ఆమె కొంచెం ముందే వచ్చింది. "పొద్దున్న స్టవ్ దగ్గర నిలబడి అనుకుని చూశాను. పాలు పొంగిపోయాయి" అంది. "గారూ ఉంది కదా, ఫర్వాలేదులే. నువ్వు నీ అద్దం వెనక్కి వెళ్ళు."

సన్యాసిరాజు కూడా వచ్చి, మాటలు వినబడేలా తలుపు తెరిచి, తెర ముందు కూర్చున్నాడు. మంచం దగ్గర నూకరత్నం పిలిచింది. గీత అలాగే ఉంది. పైడితల్లి పిలిచింది. అలాగే ఉంది. హైమవతి మంచం మీదికి వంగింది. నోరు తెరిచి మూసింది. దుప్పటి అంచు సరిచేసింది. తర్వాత, పూజగదిలో దీపం ఆరిపోతుందేమోనని మాట్లాడే గొంతుతో, "భుజంగరావుగారూ" అంది.

గీత తెర పైఅంచుకి తగిలింది.

మంచం మీద మొహంలో ఏ మార్పూ లేదు. కళ్ళు పైకప్పు వైపే ఉన్నాయి. మనిషిలో ఏదీ కదల్లేదు, ఆ గీత తప్ప.

కాత్యాయని బయటికి వచ్చేసరికి హైమవతి చెమట తుడుచుకుంటోంది. "కోపం వచ్చిందా ఆయనకి?"

"ఆశ్చర్యం వచ్చింది పిన్నిగారూ. చాలా."

"నన్ను చూసా? పెళ్ళిచూపుల్లో కూడా ఆశ్చర్యపడలేదే." అని నవ్వబోయి, ఆయన చెయ్యి తీసుకుని కూర్చుండిపోయింది.

సన్యాసిరాజు లేస్తూ అన్నాడు: "బాగుంది. కానీ ఒకసారి జరిగింది కబురు మాత్రమే కాత్యాయనీ. ఆవిడ గొంతు వణికింది. ఆ వణుకుకే లేచిందేమో. వణక్కుండా అననీ, చూద్దాం."

హైమవతి రోజూ అంది. రెండోరోజుకి గొంతు వణకడం తగ్గింది. గీత లేచింది, కానీ తెర పైఅంచుదాకా వెళ్ళలేదు. ఆ తర్వాత ఇంకా తగ్గింది. వారం తిరిగేసరికి హైమవతి ఆ పేరుని ఇంట్లోవాళ్ళని భోజనానికి పిలిచినంత మామూలుగా అనేస్తోంది. గీత కాస్త ఉబ్బి ఊరుకుంటోంది. చివరికి అదీ లేదు.

సన్యాసిరాజు రోజూ వచ్చి గీత చూసి వెళ్ళిపోయేవాడు.  మొదటిరోజు గీత ఒక్కటే చూపించి సమీక్ష గట్టెక్కించొచ్చు. ఆయన కాదనడేమో కూడా. ఆ గీత అబద్ధం కాదు. దాని తర్వాతివి దాచడం అబద్ధమవుతుంది. ఈ రెండు వాక్యాల మధ్య కాత్యాయని రెండు రోజులు తిరిగింది.

ఆమె ఉండే అపార్ట్‌మెంటుకి కొత్త ఇనుప గేటు పెట్టారు. తీస్తే ఏనుగు ఘీంకరించినట్టు అరుస్తుంది. మొదట్లో తెరిచినప్పుడల్లా ఆమె చేతిలోది జారవిడిచేది. ఆ పొద్దున కాఫీ తాగుతుంటే ఎదురింటావిడ, "ఆ గేటుకి నూనె వేయించండి, చెవులు పోతున్నాయి" అని ఫోన్ చేసింది. అది ఇంకా అరుస్తోందా అని కాత్యాయని ఆశ్చర్యపోయింది. గేటు మారలేదు. తన చెవి మారింది. చెవి కూడా కాదు, దాని వెనకాల ఎవరో ఆ అరుపుని ఇంటి లెక్కలో రాసుకున్నారు.

కాఫీ సగంలో వదిలేసి కేంద్రానికి వెళ్ళింది.

"ఆయన అలవాటుపడుతున్నారు పిన్నిగారూ."

"మొగుడు అలవాటుపడిపోతే సంతోషించాలా అమ్మా? నలభై ఏళ్ళుగా నా బాధ అదే."

"ఇవాళ అలవాటుపడాలంటే నిన్నటిది గుర్తుండాలి కదా. మా హైమవతి ఈమధ్య నన్ను పేరుపెట్టి పిలుస్తోంది అని ఆయన ఎక్కడో దిద్దుకుంటున్నారు."

హైమవతి ఆయన మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళూ ఆ మొహంలో పాత మనిషి కోసం వెతికింది. ఈ రోజు నిన్నటిని దాచుకునే మనిషి కోసం వెతుకుతున్నట్టు చూసింది.

కాత్యాయని హైమవతినీ, నూకరత్నాన్నీ వెంటబెట్టుకుని డాక్టరు గదికి వెళ్ళి అదే చెప్పింది. సన్యాసిరాజు కుర్చీలో వెనక్కి వాలాడు. "ముచ్చటగా ఉంది. కానీ ఆ మాట వినీ వినీ చెవి అలిసిపోయిందని నేనంటాను. రెండిటికీ గీత ఒకేలా పడుతుంది. ఏం చేస్తావు?"

"రెండూ వేరువేరుగా పలికే చోటు చూపిస్తాను సార్. చెవి అలిసిపోయి ఉంటే, పిన్నిగారు ఏమన్నా ఇక లేవదు. నేను అనుకుంటున్నదే నిజమైతే, ఈవిడ నోట ఎప్పుడూ రాని ఇంకో మాట వస్తే మళ్ళీ లేస్తుంది. పరీక్షల్లో మేం ఇంతవరకూ అననే అనని మాటలకి. ఈసారి తెర మీరే చూడండి. వినకూడదు. ఏ గీత పిన్నిగారిదో మీరే చెప్పాలి. చెప్పలేకపోతే నేను ఓడిపోయినట్టు."

"అందరూ అనేవీ, ఈవిడ మాత్రం అననివీ కావాలన్నమాట." సన్యాసిరాజు హైమవతి వైపు తిరిగాడు. "ఉన్నాయా అమ్మా అలాంటివి?"

హైమవతి ఆలోచించింది. "మా ఇంట్లో టీ అన్న మాటే లేదు. కాఫీ ఒక్కటే. టీ తాగుతారా అని అడగొచ్చు."

"మంచిది."

"టీవీ సౌండు పెంచమంటారా అని. తగ్గించమనడమే తప్ప ఏనాడూ పెంచమన్లేదు."

"ఇంకా?"

"మీ అక్కయ్యగారు ఎంత మంచావిడండీ అని." నూకరత్నం పకపకా నవ్వింది. ఆ అక్కయ్యగారు రెండుసార్లు చూడ్డానికి వచ్చి, రెండుసార్లూ వార్డంతటికీ పని చెప్పి వెళ్ళింది.

"ఆవిడ వచ్చినప్పుడు నూకరత్నం ఈ మాట మొహమ్మీదే అంది కదా, తను అంటే ఆయనకి వింతేం కాదు. ఇంకొక్కటి చెప్పండి పిన్నిగారూ" అంది కాత్యాయని.

హైమవతి పమిట చెంగులో పోగు ఒకటి లాగింది. "‘మీరు చెప్పిందే నిజమండీ’ అని" అంది చివరికి. "అదెప్పుడూ అనలేదు."

ఎవరు ఎప్పుడు అనాలో చీటీలు వేశారు, కాత్యాయనికి కూడా వరస తెలియకుండా. సన్యాసిరాజు పక్కగదిలో తలుపు మూసి, అద్దానికి పరదా దించుకుని కూర్చున్నాడు. ఎవరో మాట్లాడినప్పుడల్లా ఒక చిన్న దీపం వెలుగుతుంది. ఆయనకి కనిపించేది అదీ, గీతా. కాత్యాయని వరండాలో నిలబడింది. దూరంగా ఓడ ఒకటి కాలవ మొదట్లో ఆగి ఉంది. దాని పక్కకి చిన్న పడవ చేరుతోంది.

ఆ పడవని చూస్తూ ఆమె అనుకుంది: ఆ మనిషి జీవితమంతా చేసిందీ ఇదే. నీటి కింద ఇసుక ఎక్కడుందో ఊహించడం, ఓడ కదలికలో అది నిజమో కాదో చూసుకోవడం, దిద్దుకోవడం. ఇంటికొచ్చి హైమవతి దగ్గరా అదే. ఇవాళ అలిగిందనుకుంటాడు, అలగలేదని తేలుతుంది. దిద్దుకుంటాడు. అన్ని వేల చిన్న తప్పులు దిద్దుకుంటూ పోగా ఆయన లోపల ఒక హైమవతి తయారైంది. నరం చిట్లినా ఆమె చెదరలేదా? అదొక్కటే తెలియాలి.

లోపల మాటలు అయిపోయాయి. సన్యాసిరాజు పక్కగదిలోంచి కాగితం పట్టుకుని వచ్చాడు. చీటీలతో సరిచూశారు. టీ దగ్గర హైమవతిని సరిగ్గా పట్టుకున్నాడు. టీవీ దగ్గర పట్టుకున్నాడు. అక్కయ్యగారి దగ్గర పట్టుకున్నాడు. నాలుగోదాని దగ్గర ఆయన ఎవరి పేరూ రాయలేదు. పెన్సిల్‌తో ఒక పెద్ద కొండ గీసి, పక్కన ‘సందేహమే లేదు’ అని రాశాడు.

"సమీక్షలో ఏం రాయాలో తెలిసింది. ఈయన పైనే ఉంటారు" అన్నాడు హైమవతితో. తర్వాత కాత్యాయని వైపు చూసి, "నీ ఊహకి కాళ్ళొచ్చాయి. పుట్టిన చోటు దాటి, చూడనిదాన్ని ముందే చెప్పింది. ఇంకా వేరే మంచాల దగ్గరికి, వేరే ఇళ్ళకి నడవాలి. మొగుణ్ని పేరుపెట్టి పిలిచే ఇళ్ళు కూడా ఉంటాయి, అక్కడ తలకిందులవ్వాలి. అవన్నీ తిరిగి, ఎవరు తోసినా పడకుండా వస్తే, అప్పుడు సిద్ధాంతం అందాం" అన్నాడు.

"నేనూ అదే అనుకుంటున్నాను సార్."

ఆయన వెళ్ళాక నూకరత్నం పైడితల్లితో కలిసి చీటీలు ఏరుతోంది. హైమవతి మంచం పక్కకి చేరి, పట్టీ కింద చెదిరిన భర్త జుట్టు వేలితో సర్దింది. ఏడుస్తోందేమో అనుకుని కాత్యాయని మెల్లగా అంది.

"పిన్నిగారూ, ఆ చివరి మాట రేపు ఇంకోసారి అనాలి. ఒకసారి చాలదు."

"టీ కావాలంటే రోజూ అడుగుతాను" అంది హైమవతి వెనక్కి తిరక్కుండానే. "వాళ్ళక్కయ్యని కూడా పొద్దస్తమానం పొగుడుతాను. ఆ మాట మాత్రం రెండోసారి అడక్కు తల్లీ. నిజమనుకుంటారు."

పక్కగదిలో ఆపడం మరిచిపోయిన తెర మీద, అంతసేపూ దిగకుండా నిలబడి ఉన్న గీత, ఆ మాటకి నెమ్మదిగా దిగి చదునైంది.